జ్యూరీ లేని చోట నష్టపరిహారం అంకె ఎలా తేలుతుంది? (బెంగళూరు, ఆసుపత్రి నిర్లక్ష్యం)

వైట్‌ఫీల్డ్ వాసి
అందరికీ నమస్కారమండీ. అమెరికాలో ఆపరేషన్ వికటిస్తే జ్యూరీ (తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందం) కోట్ల డాలర్లు ఇప్పించిందని వార్తలు చూస్తుంటాం. మన దగ్గర జ్యూరీ లేదు కదా, మరి అంకె దేన్నిబట్టి వేస్తారు? ఉదాహరణకి 34 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పన్ను పోను నెలకి 60 వేల జీతం. ఇక్కడే ప్రైవేటు ఆసుపత్రిలో మోకాలి ఆపరేషన్, బిల్లు 4 లక్షలు. కాలు శాశ్వతంగా దెబ్బతింది. కోటి అడగాలంటే ఢిల్లీలో జాతీయ వినియోగదారుల కమిషన్‌కే వెళ్లాలనీ, వచ్చినదాంట్లో 30 శాతం ఫీజు అనీ ఒక లాయరు చెప్పారట. నిజమేనా?

శాంతినగర్ వకీలు
రెండూ తప్పేనండీ. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం ఏ కమిషన్ అన్నది మీరు అడిగే పరిహారాన్నిబట్టి కాదు, మీరు కట్టిన డబ్బునిబట్టి తేలుతుంది. కట్టింది 50 లక్షల లోపయితే జిల్లా కమిషనే. 4 లక్షల బిల్లు మీద కోటి అడిగినా అక్కడే. 5 లక్షల లోపు బిల్లుకి ఫిర్యాదు ఫీజు అసలు లేదు. ఆసుపత్రి ఏ ఊళ్లో ఉన్నా మీరు ఉండే చోట వేసుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు.

ఇక శాతం లెక్కన ఫీజు: అమెరికాలో మూడో వంతు తీసుకోవడం మామూలే. మన బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని నిషేధించాయి. అలా అడిగిన లాయరుకి దణ్ణం పెట్టి ఇంకొకర్ని చూసుకోండి.

గడువు రెండేళ్లు, సెక్షన్ 69. ఎక్కువ కేసులు మునిగేది ఇక్కడే. "మేనేజ్‌మెంట్‌తో మాట్లాడుతున్నాం, వచ్చే నెల సెటిల్ చేస్తాం" అన్న ఈమెయిళ్లు నమ్మి కూర్చుంటారు. ఉత్తరాలు రాసినంత మాత్రాన గడువు పెరగదు. మాటలు ఒకపక్క సాగనివ్వండి, ఫిర్యాదు ఒకపక్క వేసేయండి.

పద్దుల పుస్తకం
అంకె సంగతి నేను చెప్తాను. ఆసుపత్రి కేసులకి కచ్చితమైన సూత్రం లేదు. కానీ రోడ్డు ప్రమాదాల లెక్క (సరళా వర్మ 2009, ప్రణయ్ సేథీ 2017 తీర్పులు) పక్కన వేసుకుంటే అడిగేదానికి ఒక ఆధారం దొరుకుతుంది.

మీ ఉదాహరణే తీసుకుందాం. ఏడాదికి 7,20,000. పర్మనెంటు ఉద్యోగం, వయసు 40 లోపు కాబట్టి ముందుముందు పెరిగే జీతం కింద 50 శాతం కలపాలి: 10,80,000. సంపాదించే శక్తి 40 శాతం పోయిందనుకుంటే 4,32,000. 31 నుంచి 35 ఏళ్ల వయసుకి గుణకం (ఏడాది నష్టాన్ని ఎంతతో హెచ్చించాలన్న అంకె) 16. మొత్తం 69,12,000. వైద్యం ఖర్చు, నొప్పి, తోడు మనిషి ఖర్చు వేరే పద్దులు.

ఇప్పుడు ఆ 40 దగ్గర ఆగండి, మొత్తం దాని మీదే నిలబడింది. వైకల్యం సర్టిఫికెట్లో "కుడి కాలికి 45 శాతం" అని ఉంటే అది కాలికి మాత్రమే. కర్ణాటకలో మొత్తం శరీరానికి లెక్కేసేటప్పుడు చాలాసార్లు అందులో మూడో వంతు, అంటే 15 తీసుకుంటారు. అప్పుడు పై లెక్క 25,92,000కి పడిపోతుంది. దీనికి విరుగుడు 2010 నాటి రాజ్‌కుమార్ తీర్పు: చూడాల్సింది శరీరం ఎంత పోయిందని కాదు, ఆ మనిషి చేసే పనికి ఎంత దెబ్బ తగిలిందని. చెయ్యి పోతే డ్రైవరుకి బతుకుతెరువే పోయినట్టు, గుమస్తాకి అలా కాదు. కూర్చుని చేసే ఉద్యోగానికి 40 శాతం రావాలంటే ఉత్త మాట చాలదు. ప్రమోషన్ ఆగిన కాగితం, జీతం లేని సెలవులు, క్లయింట్ దగ్గరికి పంపడం మానేశారన్న హెచ్‌ఆర్ ఉత్తరం కావాలి. సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు సాక్ష్యానికి వస్తారో లేదో ముందే అడిగి పెట్టుకోండి.

ముందుముందు అయ్యే ఖర్చుని మనవాళ్లు ఒకే ముద్దగా "ఇరవై లక్షలు" అని రాస్తారు. అలా రాయకండి. 2009లో హైదరాబాద్ నిమ్స్ కేసులో సుప్రీంకోర్టు నర్సింగుకి నెలకి 4,000 చొప్పున 30 ఏళ్లకి 14.40 లక్షలు లెక్కకట్టింది. ఇలా పద్దు పద్దు చేరి మొత్తం కోటి అయింది. 2015లో చెన్నై ఎగ్మోరు ప్రభుత్వాసుపత్రి కేసు కూడా చూడండి. 29 వారాలకే 1,250 గ్రాములతో పుట్టిన పాప. కళ్లు పరీక్ష చేయించాలని వేళకి చెప్పినవాళ్లు లేరు, చూపు పోయింది. జరిగిన ఖర్చు, జరగబోయే ఖర్చు విడివిడిగా కట్టి, ధరల పెరుగుదల కూడా కలిపి దాదాపు 1.8 కోట్లు ఇచ్చారు.

వైట్‌ఫీల్డ్ వాసి
చాలా థాంక్సండీ. ఆసుపత్రి కాగితాలు ఇవ్వకపోతే? ముందు పోలీసు కేసు పెడితే దిగొస్తారని బంధువులు అంటున్నారు.

కేస్ షీట్
రాతపూర్వకంగా అడగండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. వైద్య మండలి 2002 నియమాల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. రికార్డు దాచే బాధ్యత మూడేళ్లే, జాగు చేయొద్దు. డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోకండి. అది ఆసుపత్రి తన మాటల్లో రాసుకున్న కథ. అసలు విషయం నర్సుల నోట్సు, మత్తు డాక్టరు చార్టు, మందుల చార్టులో ఉంటుంది. మూడూ పక్కపక్కన పెట్టి గంటల ప్రకారం చూడండి. కాలు చల్లబడిందని నర్సు రాత్రి 2కి రాసి, డాక్టరు ఉదయం 9కి చూశారని ఉంటే ఆ ఏడు గంటలే మీ కేసు. సంతకం పెట్టిన అంగీకార పత్రంలో ఏ ఆపరేషన్ పేరుందో చూడండి. ఒకదానికి ఒప్పుకుంటే ఇంకొకటి చేయడం కుదరదని సమీరా కోహ్లీ కేసులో (2008) తేలింది.

నిపుణుడి అభిప్రాయం ప్రతి కేసుకీ తప్పనిసరి కాదు. మలేరియాకి టైఫాయిడ్ మందులిచ్చిన హైదరాబాద్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. కానీ మోకాలి విషయం కడుపులో గుడ్డ మరిచిపోయినంత తేటగా ఉండదు. ఎముకల డాక్టరు అఫిడవిట్ తప్పక పెట్టండి.

పోలీసు కేసు వద్దనే నా సలహా. దానికి ఘోరమైన నిర్లక్ష్యం రుజువు కావాలని జాకబ్ మాథ్యూ తీర్పు (2005). అది వీగిపోతే ఆసుపత్రి ఆ కాగితాన్నే తెచ్చి కమిషన్ ముందు పెడుతుంది. వైద్య మండలి డాక్టరు రిజిస్ట్రేషన్ మీద చర్య తీసుకోగలదు, మీకు పైసా ఇప్పించలేదు.

పద్దుల పుస్తకం
అమెరికా అంకెల గురించి ఒక్క మాట. అక్కడ కూడా జ్యూరీ చెప్పింది వేరు, చేతికొచ్చేది వేరు. 1994 నాటి వేడి కాఫీ కేసులో (కాఫీ ఒలికి ఒళ్లు కాలిన మహిళ వేసింది) జ్యూరీ 2 లక్షల డాలర్ల పరిహారం లెక్కకట్టి, ఆమె తప్పు 20 శాతమని 1.6 లక్షలు చేసింది. శిక్షగా వేసిన 27 లక్షల్ని జడ్జి 4.8 లక్షలకి దించారు. ఆ తర్వాత బయట రాజీ. కాలిఫోర్నియాలో వైద్య కేసుల్లో నొప్పి, బాధల పద్దుకి 1975 నుంచి 2.5 లక్షల డాలర్ల పరిమితి ఉండేది, 2023 నుంచే పెంచుతున్నారు. వైద్యం ఖర్చుకీ పోయిన జీతానికీ పరిమితి లేదు. అంటే అక్కడైనా బిల్లులే కాపాడతాయి.

శాంతినగర్ వకీలు
ఇంకొకటి రాయడం మరిచాను. ఫిర్యాదు చివర కోరికల్లో వడ్డీ ఎంత, ఏ తేదీ నుంచో తప్పక రాయండి. గెలిచాక ఆసుపత్రి 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కి అప్పీలు చేసుకోవచ్చు, కానీ సగం సొమ్ము డిపాజిట్ చేస్తేనే తీసుకుంటారు. అప్పీలు లేదు, డబ్బూ లేదు అంటే సెక్షన్ 71 కింద వసూలుకి, 72 కింద శిక్షకి అర్జీ పెట్టండి. 72లో నెల నుంచి మూడేళ్ల దాకా జైలు ఉంది.