సమస్యాపూరణం: "నగవు లేని మోము నగుచు నుండె"

నిర్వాహకుడు: ఈ పాదం తోచినప్పుడు నా ఎదుట ఉన్నది మోనాలీసా చిత్రం కాబట్టి, పూరణ ఆ పటానికే, అందులోని స్త్రీ ఎవరు, ఆమె మనసులో ఏముంది అన్న ప్రశ్నకే పరిమితం కావాలి. క్రమాలంకారంతో, అంటే ప్రశ్నలు వేసి సమస్యలోని మాటలనే వరుసగా జవాబులుగా చూపి గట్టెక్కే పూరణలను ఈసారి అంగీకరించను.

మధుకరం:
కనులఁ జూడ నవ్వు కానవచ్చుఁ, బెదవిఁ
జూడ మాయమగునుఁ జోద్యమౌర!
లేని గీత వలన లియొనార్డు కుంచెలో
నగవు లేని మోము నగుచు నుండె

శతపత్రం: 'లేని గీత'తో సమస్యలోని విరోధం నిజంగానే విడిపోయింది. పెదవి కొసల వద్ద లియొనార్డో గీత గీయకుండా పలుచని రంగుపొరలతో నీడను నీడలోకి కరిగించాడు. నేరుగా చూడని చోట మన కంటికి సన్నని వివరాలు అందవు, మసక నీడలే అందుతాయి కనుక, ఆమె కళ్లను చూస్తున్నంతసేపూ బుగ్గ నీడ నవ్వుగా తోస్తుంది. మధుకరం గారు ఇంత చక్కగా గమనించగలరని వారి వెనుకటి పూరణ చదివినవారెవరూ ఊహించరు. అందులో ఆమె కనుబొమలను మరుని విండ్లన్నారు, నేటి పటంలో కనుబొమలే కనబడవు. ఇక నా పూరణ:

పతికిఁ జేరలేదు, పటము రాజున కయ్యె;
లీసా పేరు నిలిచె లేఖ యందు;
అడుగు జనులఁ జూచి యామె యెవ్వ రటంచు
నగవు లేని మోము నగుచు నుండె

మధుకరం: ఆ కనుబొమలను 1550లోనే చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి మెచ్చుకున్నాడు, నేను మెచ్చుకుంటేనే తప్పైందా? లియొనార్డో లీసా దెల్ జొకొండో ముఖాన్ని చిత్రిస్తున్నాడని 1503లో ఫ్లోరెన్సు ప్రభుత్వోద్యోగి అగొస్టినో వెస్పూచి ఒక పుస్తకం అంచున రాసుకున్న మాటను, హైడెల్బర్గ్ గ్రంథాలయంలో దొరికిన ఆ ఆధారాన్ని, 'లేఖ'లో ఇమిడ్చిన నేర్పును మెచ్చుకోక తప్పదు. కానీ ఆమె పేరు దగ్గరే మీ గణం తడబడింది. 'లీసా' రెండు గురువులు. మూడో పాదంలో కలవాల్సిన మాటలు దూరందూరంగా పడిన దూరాన్వయం సరేసరి.

నిర్వాహకుడు: 'లీస' అని హ్రస్వం చేస్తే గణం నిలుస్తుంది, లియొనార్డోను 'లియొనార్డు' చేసిన మధుకరం గారికి అభ్యంతరం ఉండకూడదు. నాకు నచ్చింది శతపత్రం గారి విరుపే. మధుకరం గారి పద్యంలో నవ్వు చూసేవాడి కంటిలో పుట్టింది. ఇక్కడ ఆమెకే ఒక మనసు ఉంది. భర్త ఇంటికి చేరక, ఫ్రాన్సు రాజు సొత్తై, నేటికీ నువ్వెవరని అడిగించుకుంటున్న స్త్రీ అడిగేవారిని చూసి నవ్వుకోవడంలో ఔచిత్యం ఉంది. అయితే 'నగవు లేని' అన్న విశేషణానికి ఆ పద్యంలో సమర్థన లేదు, అది మధుకరం గారికే కుదిరింది. శతపత్రం గారు రెండో పాదంతో పాటు దానినీ సవరించి మళ్లీ పంపగలరు.