నిన్నటిదాకా తిన్న యాపిల్ ఇప్పుడు పడటం లేదు: తప్పు పండుదా, మందులదా?

మ్యూనిక్ మురళి:
నాకు 34 ఏళ్లు, ఏడేళ్లుగా జర్మనీలో ఉంటున్నా. వచ్చిన మూడో ఏడు నుంచి ఏప్రిల్ అంటే తుమ్ములే. పోయినేడు ఇంకోటి మొదలైంది. యాపిల్ కొరికిన రెండు నిమిషాలకే అంగిలి దురద, పెదాలు చిమచిమ, గొంతులో గరగర. అరగంటలో తగ్గుతుంది. చెర్రీ, పీచ్ తిన్నా ఇంతే. కేకులో వేసిన యాపిల్ మాత్రం హాయిగా తింటున్నా. మా ఆవిడ పైన పూసే మైనం, పురుగుమందులే కారణమంటుంది. ఆర్గానిక్ తెచ్చినా అదే దురద. మీరేమంటారు?

కృష్ణాతీరం:
మందులే, సందేహం లేదు. చిన్నప్పుడు నూజివీడు తోటలో బుట్టెడు రసాలు తిన్నా ఏమీ కాలేదు. ఇప్పుడు బజారు మామిడి రెండు ముక్కలకే నోరు దురద పెడుతోంది. కార్బైడ్ కాక ఇంకేమిటి?

ల్యాబ్ కోటు:
కృష్ణాతీరం గారూ, కార్బైడ్ వాడకూడదని 2011 ఆహార నిబంధనల్లోనే ఉంది. అయినా వాడేవాళ్లున్నారు, కాదనను. కానీ మురళి గారి లక్షణాలు వేరే చెబుతున్నాయి. అక్కడ వసంతంలో బర్చ్ చెట్ల పుప్పొడి విపరీతం. అందులో బెట్ వి 1 అనే ప్రోటీన్ ఉంటుంది. యాపిల్లోని మాల్ డి 1 దానికి కవలలాంటిది. ఒంట్లోని రక్షణ వ్యవస్థ ముందు పుప్పొడి మీద పగబట్టి, తర్వాత యాపిల్‌ని చూసి అదే అనుకుంటుంది. పగ పెరగడానికి కొన్నేళ్లు పడుతుంది కాబట్టే పెద్దయ్యాక బయటపడుతుంది. వేడికి ఆ ప్రోటీన్ ఆకారం చెడిపోతుంది, అందుకే కేకు పడుతోంది. దురద కందదైతే మనం కత్తిపీటను తిడుతున్నాం.

కృష్ణాతీరం:
మనకు బర్చ్ చెట్లు లేవుగా! మరి నాకెందుకు?

థియేటర్ నర్సు:
బర్చ్ ఒక్కటే కాదన్నయ్యా. పదిహేనేళ్లు ఆపరేషన్ థియేటర్లో రబ్బరు గ్లౌజులు వేసుకున్నా. ముందు చేతులకు దద్దుర్లు వచ్చాయి. తర్వాత అరటిపండు తింటే నాలుక దురద. రబ్బరు పాలలోని ప్రోటీన్లకు అరటి, కివి, అవకాడో దగ్గర చుట్టాలు. ఇంట్లో చెబితే అరటిపండుకి ఎలర్జీ ఏమిటని నవ్వారు. మామిడి సొన కూడా ఉంది, కానీ అది తగిలితే పెదాల చుట్టూ పొక్కులు మామూలుగా ఒకటి రెండు రోజులకు వస్తాయి. మీకు ఎప్పుడొస్తోంది?

కృష్ణాతీరం:
అప్పటికప్పుడే.

థియేటర్ నర్సు:
అయితే సొన కాకపోవచ్చు. చూపించుకోండి.

డాలస్ బాబాయ్:
ఇంత రాద్ధాంతం ఎందుకు? రోజూ ఓ ముక్క తింటే ఒళ్లు అదే అలవాటు పడుతుంది. వంకాయ తింటే నోరు దురద అని మా వాళ్లు మానేశారా?

ల్యాబ్ కోటు:
బాబాయ్ గారూ, ఈ సలహాతో నేను ఒప్పుకోను. చాలామందికి దురద నోటితో ఆగేది నిజమే, కానీ అందరికీ ఆగదు. పీచ్ తొక్కలో ఎక్కువగా ఉండే ఇంకో ప్రోటీన్ వేడికీ చెడదు, కడుపులోనూ అరగదు. అది పడనివాళ్లకు ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, ఊపిరాడకపోవడం దాకా వెళ్లొచ్చు. అలాంటిదేమైనా జరిగితే గోళీ వేసుకుని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి. మురళి గారూ, సోయా పాలు తాగుతారా? బర్చ్ పడనివాళ్లలో కొందరికి గ్లాసుడు సోయా పాలు గట్టి దెబ్బే కొట్టాయి.

మ్యూనిక్ మురళి:
అమ్మో, జిమ్ తర్వాత తాగేది అదే! ఈ రోజుతో బంద్. ఎలర్జీ డాక్టర్ అపాయింట్‌మెంట్ సెప్టెంబరుకు దొరికింది. ఎలర్జీ పరీక్షకు వాడే సీసా మందులో పండు ప్రోటీన్ నిలవదట, అందుకని యాపిల్ నన్నే తెచ్చుకోమన్నారు. సూది ముందు పండులో గుచ్చి, అదే చేతి మీద గుచ్చుతారట. తుమ్ముల గోళీలు కొన్ని రోజుల ముందే ఆపాలి.

కృష్ణాతీరం:
ఏమైనా కానీ, మా తోట కాయ తింటే దురద వచ్చేది కాదు.

ల్యాబ్ కోటు:
ఈ మధ్య తిని చూశారా?

కృష్ణాతీరం:
తోట అమ్మేసి చాలా ఏళ్లయింది లెండి.

మ్యూనిక్ మురళి:
మా ఆవిడకి ఇదంతా చదివి వినిపించా. అంతా విని, యాపిల్స్‌ని మళ్లీ ఉప్పునీళ్లలో వేసింది.