‘హాలోవీన్ 2’ (1981) మొదటి దానికి తగ్గ సీక్వెలేనా?

పాలమూరు_సెకండ్‌షో: నా లెక్కల తగ్గదే. 1978ల మొదటి సినిమా, ముసుగు హంతకుడు మైకేల్ మైయర్స్ కథ, యాడ ఆగిందో గాడికెళ్లే, అదే రాత్రి మొదలైతది. మొదటి దాని డైరెక్టర్ జాన్ కార్పెంటర్ ఈసారి డైరెక్షన్ రిక్ రోజెంతాల్‌కు ఇచ్చిండు గని, కథ ఆయన, డెబ్రా హిల్ రాసిందే. కెమెరా మళ్ల డీన్ కండీదే. దవాఖాన వరండాలల్ల ఆ చీకటి చూడుండ్రి.

నైట్‌డ్యూటీ_నల్లగొండ: తమ్మీ, ఆ దవాఖానల మనుషులేరి? ఊర్ల ఇన్ని హత్యలైన రాత్రి గంత ఖాళీగ ఉంటదా? నేను నర్సును. ఒక్క యాక్సిడెంట్ కేసొస్తే ఎంబడి ఊరు ఊరే వస్తది.

పాలమూరు_సెకండ్‌షో: చిన్న టౌను అక్కా. సినిమాను సినిమాలెక్క చూడాలె.

మిర్యాలగూడ_రీలు: లారీ వేషమేసిన హీరోయిన్ జేమీ లీ కర్టిస్‌ను దవాఖాన మంచంల పండబెట్టి సగం సినిమా నడిపిండ్రు. డైలాగులే లేవు.

పాలమూరు_సెకండ్‌షో: మత్తుసూది పడ్డ పిల్ల ఉరుకుతదా? పార్కింగుల పాక్కుంట పిలుద్దామంటే గొంతు లేవదు చూడు, ఆడ నాకు ఊపిరాడలే.

నైట్‌డ్యూటీ_నల్లగొండ: మనుషులేరి అంటే జవాబు చెప్పలే.

దేవరకొండ_పోరడు: మళ్ల గదేనా!

పాలమూరు_సెకండ్‌షో: ఒక్కటే ముచ్చట పట్టుకొని గుంజుతున్నవు అక్కా. సినిమా పెట్టకముందే వద్దనుకున్నట్టున్నవు.

నైట్‌డ్యూటీ_నల్లగొండ: చూసినంకనే అంటున్న. మా వార్డుల పేషెంట్ మనిషి ఒకడు తాగొచ్చి సెలైన్ స్టాండు లేపిండు. నేను, ఆయమ్మ లోపల గడియ పెట్టుకున్నం. ఎవ్వరు రాలే. గా భయం నాకెర్కే. సినిమాల మైకేల్ నర్సు ముఖాన్ని సలసల కాగే నీళ్ల తొట్టిల ముంచి ముంచి చంపుతడు, కెమెరా ఆడనే నిలబడ్తది. లారీ వాని చెల్లె అని తేల్చినంక మిగిలినోళ్లంత అడ్డమొచ్చినోళ్లే. మొదటి దాంట్ల వాడు ఎవరింటికైన రావొచ్చు, అందుకే నిద్ర పట్టలే.

పాలమూరు_సెకండ్‌షో: చెల్లె కాకుంటే మళ్ల ఆమె ఎంబడే ఎందుకొస్తడు? కారణం ఉండాలె. 2018ల వచ్చిన ‘హాలోవీన్’ సినిమాల ఆ చుట్టరికం తీసేసిండ్రు, నాకైతే అది సప్పగనే అనిపించింది. సచ్చినోళ్లను పట్టించుకోలే అనుడు కూడ తప్పు. ఆనీ శవం ముఖం వాళ్ల నాయిన, ఆ ఊరి పోలీసు పెద్ద (షెరీఫ్) బ్రాకెట్, చూసే సీను లేదా?

నైట్‌డ్యూటీ_నల్లగొండ: ఆనీ మొదటి సినిమా పిల్ల. నేనడిగేది దవాఖానోళ్ల సంగతి. తొట్టిల సచ్చిన నర్సు పేరు కారెన్. ఆమె ఇంటికి కబురు పోయే సీను యాడుందో చెప్పు.