పశువుల శాలలో దొరికిన పాత బొగ్గు స్టవ్వును బాగు చేసి ఇంట్లో పెట్టుకోవచ్చా?

ప్రశ్న (పొట్టంగి, కొరాపుట్ జిల్లా)

అందరికీ నమస్కారం. మాది కొరాపుట్ జిల్లాలోని పొట్టంగి. దేవ్‌మాలి కొండకు దగ్గరగా ఉండడం వల్ల డిసెంబరు, జనవరి నెలల్లో మా ఊళ్ళో చలి ఎలా ఉంటుందో సాలూరు వైపు నుంచి ఘాటు రోడ్డెక్కి వచ్చినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. సుమారు అరవై ఏళ్ళ కిందట ఒక పాత బంగళా సామాన్లు వేలం వేసినప్పుడు మా తాతగారు పోత ఇనుముతో చేసిన బొగ్గు స్టవ్వు ఒకటి కొన్నారు. ఆయన ఉన్నంత కాలం అది ముందు గదిలో మండేదని నాన్నగారు చెబుతారు. ఆయన పోయాక అది పశువుల శాలకు చేరి, మీద గోనెలు, కింద తడి, ఇన్నేళ్ళూ అక్కడే ఉండిపోయింది. కిందటి నెల నలుగురం కలిసి బయటకు మోసుకువచ్చాం.

స్టవ్వు నడుమెత్తు ఉంటుంది. పొట్ట కడవలా గుండ్రంగా ఉబ్బి, కింద మూడు వంకర కాళ్ళ మీద నిలబడుతుంది. ముందు తలుపుకు మూడు చిన్న కిటికీలున్నాయి; వాటిలో ఉన్నది గాజు కాదు, ఉల్లిపొరల్లా లేచిపోతున్న అభ్రకం రేకులు. లోపల బొగ్గు నిలిచే గ్రేటు మధ్యలో పాత నులకమంచంలా కుంగిపోయింది. వెనక గోడకు లోపలి వైపు జానెడు పొడవున నెర్రె కనిపిస్తోంది. బూడిద పడే సొరుగు అడుగు తుప్పుకు రాలిపోయింది. పొగగొట్టం అసలు లేదు.

మాది పెంకుటిల్లు, దూలాలు, వాసాలు అన్నీ కర్ర. అమ్మకు డెబ్బై దాటాయి, చలికి కీళ్ళు పట్టేస్తాయి. ప్రస్తుతం కుంపటితోనే నెట్టుకువస్తున్నాం గానీ, రెండేళ్ళ కిందట సంక్రాంతికి వచ్చిన మా మేనత్త ఒక రాత్రి కుంపటి గదిలో పెట్టుకుని తలుపు మూసి పడుకుంది. తెల్లారి తల ఎత్తలేక, వాంతులతో మంచం మీదే ఉండిపోతే ఆరుబయటకు తీసుకువచ్చి కూర్చోబెట్టాక తేరుకుంది. అప్పటినుంచి అమ్మకు నిప్పంటే భయం, చలి అంటే అంతకంటే భయం. తాతగారి వస్తువు మళ్ళీ వెలిగితే చూడాలని నాన్నగారి కోరిక. దీన్ని బాగు చేయడం సాధ్యమేనా, సాధ్యమైతే ఎక్కడ మొదలుపెట్టాలి, ఇలాంటి ఇంట్లో పెట్టవచ్చా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం (సునాబెడ, కొరాపుట్ జిల్లా)

అయ్యా, నేను ముప్ఫై ఏళ్ళు పోత పనిలోనూ యంత్రాల మరమ్మతులోనూ గడిపినవాణ్ణి. మీరు రాసినదాన్ని బట్టి ఆ స్టవ్వు బాగుపడుతుంది. అయితే ఇనుము మీద ఒక్క రూపాయి పెట్టే ముందే పొగగొట్టానికి దారి ఎక్కడ అన్నది తేల్చుకోండి. ఆ దారి కుదరని ఇంట్లో ఎంత చక్కగా మెరిసే స్టవ్వయినా పెట్టకూడదు.

ముందు పెద్ద పరీక్ష. రాత్రి చీకట్లో స్టవ్వు లోపల ఒక బల్బు వెలిగించి పెట్టి, తలుపులన్నీ మూసి చుట్టూ తిరిగి చూడండి. వెలుతురు గీతలా కనిపించిన ప్రతి చోటా పొగ కూడా బయటకు వస్తుంది. పలకల కీళ్ళ దగ్గర కనిపిస్తే అది పెద్ద విషయం కాదు, పాత మట్టి రాలిపోయిందని అర్థం. పలక మధ్యలో కనిపిస్తే అది పగులు. తరవాత చిన్న సుత్తితో ఒక్కొక్క పలకనూ మెల్లగా తట్టండి. బాగున్న పోత ఇనుము గుడిగంటలా ఖంగుమంటుంది, పగిలినది పగిలిన కుండలా బొంగురుగా పలుకుతుంది.

మీ వెనక గోడ నెర్రెకు కారణం నాకు తెలిసినట్టే ఉంది. నిప్పుగూడు లోపల చుట్టూ ఉండాల్సిన ఫైర్ బ్రిక్ (వేడికి తట్టుకునే ఇటుక) వరస రాలిపోయాక కూడా మండించి ఉంటారు. ఎర్రటి బొగ్గు నేరుగా ఇనుముకు ఆనితే ఆ పలక ఎక్కువ రోజులు నిలవదు. నెర్రె వెంట్రుకంత సన్నంగా ఉండి, అంచులు ఒకదానికొకటి ఎక్కకుండా ఉంటే, వేడికి తట్టుకునే సిమెంటుతో మూసి లోపల కొత్తగా ఇటుక పేర్పిస్తే చాలు. వేలిగోరు దూరేంత ఉంటే మాత్రం నికెల్ రాడ్డుతో వెల్డింగ్ చేసి అతికించాలి. అతికే ముందు పలకంతా సమంగా వేడి చేసి, అతికాక పొడి బూడిదలో పాతిపెట్టి ఒక రాత్రంతా మెల్లగా చల్లారనివ్వాలి. గేట్లు అతికే మామూలు రాడ్డుతో ఎవరైనా చేస్తామంటే వద్దనండి, ఆ అతుకు పక్కనే మళ్ళీ పగులుతుంది.

గ్రేటును కొత్తగా పోత పోయించక తప్పదు, విజయనగరం వెళితే పని జరుగుతుంది. ఇక్కడ నేను పడ్డ దెబ్బ ఒకటి చెబుతాను. ఒకసారి ఇలాంటిదే ఒక గ్రేటును ఒక ఫౌండ్రీకి ఇస్తే వాళ్ళు ఆ పాత ముక్కనే ఇసుకలో అచ్చు వేసి పోశారు. పోత ఇనుము చల్లారేటప్పుడు అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే సుమారు నూటికి ఒకటి చొప్పున కుంచించుకుపోతుంది. వచ్చిన గ్రేటు ఆ మేరకు చిన్నదై, నిప్పులన్నీ అంచుల వెంట సొరుగులోకి జారిపోయాయి. పైగా కుంగిన గ్రేటును అచ్చు వేస్తే కుంగిన గ్రేటే వస్తుంది. అందుకని వడ్రంగి చేత చదునైన కర్ర నమూనా, కుంచించుకుపోయే లెక్క కలిపి, చేయించి ఇవ్వండి. గ్రేటు చుట్టూ కొంచెం ఖాళీ కూడా ఉండాలి, వేడికి సాగినప్పుడు గోడను తన్నకూడదు.

తుప్పు అన్నిటికంటే తేలిక. కడిగి, ఎండబెట్టి, తీగ బ్రష్షుతో రుద్ది, గ్రాఫైటు పాలిష్ పట్టించండి. మామూలు పెయింటు వద్దు, మొదటి మంటకే కాలి కంపు కొడుతుంది. తలుపు అంచుల్లో పాత తెల్లటి తాడు ఉంటే అది ఆస్బెస్టాస్ కావచ్చు, పొడిగా గీకకుండా బాగా తడిపి ఊడదీసి, దాని చోట గ్లాస్ ఫైబర్ తాడు పెట్టండి. బిగుసుకుపోయిన బోల్టులను బలవంతంగా తిప్పకండి, ఇనుప చెవులు విరుగుతాయి. కిరసనాయిలు పోసి రెండు రోజులు వదిలేయండి. కిటికీలకు అభ్రకమే వేయండి, మామూలు గాజు ఒక్క రోజు ఆగదు. ఒకప్పుడు నెల్లూరు ప్రాంతపు గూడూరు గనుల నుంచి దేశదేశాలకు వెళ్ళిన సరుకు అది. పలచని రేకును కత్తెరతో కోసుకోవచ్చు.

ఇక గొట్టం. స్టవ్వు మెడ ఎంత వెడల్పుంటే గొట్టం అంతే ఉండాలి, ఎక్కడా సన్నబడకూడదు. 24 గేజి నల్ల రేకు వాడండి. జింకు పూత రేకు వేడికి విషపు పొగ వదులుతుంది. ఒక్కొక్క కీలుకు మూడు స్క్రూలు వేయండి. అడ్డంగా పోయే భాగం అడుగుకు కనీసం పావు అంగుళం చొప్పున పైకి ఎక్కుతూ ఉండాలి. ఆ గొట్టానికీ ఏ కర్రకూ మధ్య 18 అంగుళాలు, స్టవ్వుకూ కర్రకూ మధ్య 36 అంగుళాలు ఖాళీ ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. మీ వాసాల మధ్య నుంచి పైకి పోనివ్వడం నాకు ఇష్టం లేదు. పక్క గోడలోంచి బయటకు తీసి, గోడకు ఆనించి ఇటుకతో పొగగూడు కట్టించండి. దాని తల కప్పును తాకే చోటికి మూడు అడుగులైనా పైన ఉండాలి, పది అడుగుల లోపు ఉన్న కప్పు శిఖరం కంటే రెండు అడుగులు ఎత్తుగా ఉండాలి. లేకపోతే గాలి తిరిగినప్పుడు పొగ గదిలోకే వస్తుంది.

సమాధానం (బల్లార్షా, చంద్రపూర్ జిల్లా)

నేను బొగ్గు గనిలో పనిచేసి రిటైరైనవాణ్ణి, మా క్వార్టర్లలో చాలాకాలం రాక్షసి బొగ్గు మీదే వంట, చలికాలంలో దాని ముందే చలి కాచుకోవడం. పై పెద్దమనిషి ఇనుము సంగతి పూర్తిగా చెప్పారు కనుక నేను నిప్పు సంగతి మాత్రం చెబుతాను.

ఇలాంటి పాత స్టవ్వులు చాలావరకు విదేశాల్లో దొరికే గట్టి బొగ్గును, అంటే దాదాపు మంట, పొగ లేకుండా కాలే ఆంత్రసైటును, దృష్టిలో పెట్టుకుని చేసినవి. మన తాల్చేరు, సింగరేణి, వార్ధా లోయ బొగ్గు అలాంటిది కాదు. బూడిద నూటికి ముప్ఫై నుంచి నలభై పాళ్ళు ఉండడం మామూలు, వేడి తగలగానే మండే వాయువు వదులుతుంది. అందుకని రెండు జాగ్రత్తలు తప్పవు. కొత్త బొగ్గు వేసేటప్పుడు నిప్పు మొత్తాన్ని కప్పేయకండి, ఒక పక్క ఎర్రటి కణికలు బయటికి కనిపించేలా వదలండి. అప్పుడు లేచిన వాయువు ఎప్పటికప్పుడు అంటుకుని కాలిపోతుంది. మొత్తం కప్పితే అది పొట్టలో నిండి, ఒక్కసారిగా అంటుకుని తలుపును తన్ని తెరుస్తుంది. మా పక్క ఇంట్లో అలా ఒకాయన కనుబొమలు కాలాయి. తలుపు తీసేముందు గొట్టంలోని డ్యాంపర్ (పొగ దారిని మూసే, తెరిచే రేకు) తెరిచి, తలుపును వేలెడు సందు తెరిచి కొన్ని క్షణాలు ఆగి, ఆ తరవాతే పూర్తిగా తీయండి.

రెండోది బూడిద. మీ గ్రేటు కుంగడానికి కారణం అదే అయి ఉండాలి. బొగ్గుకు గాలి కింద నుంచి రావాలి. ఆ గాలే గ్రేటును చల్లగా ఉంచుతుంది. సొరుగు నిండి బూడిద గ్రేటును తాకితే గాలి ఆగి, పైన నిప్పు, కింద వేడి బూడిద మధ్య ఆ ఇనుము మెత్తబడి వంగుతుంది. మన బొగ్గుతో రోజుకు రెండుసార్లు సొరుగు ఖాళీ చేయాలి. తీసిన బూడిదను మూత ఉన్న ఇనుప డబ్బాలో ఆరుబయట ఉంచండి, లోపల కణికలు మర్నాటికి కూడా బతికే ఉంటాయి. కట్టె బూడిదలా దీన్ని కూరమడిలో చల్లకండి.

బొగ్గును పెద్ద కుప్పగా మూసిన కొట్టులో పోయకండి, మా వైపు బొగ్గుకు తనంతట తాను రాజుకునే గుణం ఉంది. వారానికి సరిపడా తెచ్చి పొడి చోట పెట్టుకుంటే చాలు.

మీ వైపు వానలు బాగా పడతాయి కనుక ఇంకొక మాట. బొగ్గు పొగలో గంధకం ఉంటుంది. ఆ మసికి తేమ తగిలితే ఆమ్లమై రేకును తినేస్తుంది. మార్చిలో నిప్పు ఆపగానే గొట్టం ఊడదీసి, మసి దులిపి, లోపల సున్నపు నీళ్ళు పూసి ఆరబెట్టి పొడి చోట దాచండి. అలా వదిలేస్తే ఒక్క వానాకాలానికే గొట్టం జల్లెడవుతుంది.

సమాధానం (రాయగడ)

నేను నర్సుగా పనిచేస్తున్నాను. మీ మేనత్తగారికి జరిగింది చలి వల్ల కాదు, కార్బన్ మోనాక్సైడ్ వల్లనే అనిపిస్తోంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, అందుకే మనిషికి ఊపిరి ఆడుతున్నట్టే ఉండి తల పగిలేంత నొప్పి, వికారం, మగత వస్తాయి. పొగ కనిపించకపోయినా అది ఉండవచ్చు. కుంపటికి పొగగొట్టం లేదు కనుక మీ స్టవ్వు సరిగ్గా పెడితే కుంపటి కంటే మేలే. కానీ పడుకునే గదిలో పెట్టకండి, ఒక కిటికీ పైరెక్క ఎప్పుడూ తెరిచి ఉంచండి, బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి అమ్మగారు పడుకునే చోట పెట్టండి. ఇంట్లో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వస్తే కారణం వెతుకుతూ కూర్చోకుండా అందరూ బయటకు వచ్చేసి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

తిరిగి ప్రశ్న వేసినవారు (పొట్టంగి)

మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి బల్బు పెట్టి చూశాం. వెనక నెర్రె సన్నగా, వెలుతురు పడీపడనట్టు ఉంది; తలుపు కింద కీలు దగ్గర మాత్రం వెలుతురు బాగా వచ్చింది. పక్క గోడకు పొగగూడు కట్టడానికి మేస్త్రీ ఒప్పుకున్నాడు. ఈ ఏడాది గూడు, గ్రేటు పూర్తి చేసి, అలారం వచ్చాకే వెలిగిస్తాం. ఒక సందేహం మిగిలింది. మా ఊళ్ళో రాక్షసి బొగ్గు చిల్లరగా దొరకదు, కట్టె బొగ్గు, కట్టెలు దొరుకుతాయి. అవి ఇందులో వాడవచ్చా?

సమాధానం (బల్లార్షా)

కట్టె బొగ్గు నిక్షేపంగా వాడవచ్చు. అది త్వరగా కాలిపోతుంది కనుక కొంచెం కొంచెంగా వేసి, కింది గాలి మూత తగ్గించి ఉంచండి. విషవాయువు విషయంలో మాత్రం దాన్ని రాక్షసి బొగ్గు కంటే మంచిదనుకోకండి, మీ మేనత్తగారి కుంపటిలో ఉన్నది అదే. కట్టెలు వేస్తే బాగా ఎండినవే వేయండి. పచ్చి కట్టె పొగ గొట్టంలో తారులా పేరుకుని ఒకనాడు అంటుకుంటుంది, నెలకొకసారైనా బ్రష్షు వేయించాలి.

సమాధానం (సునాబెడ)

మొదటి మూడు మంటలు పుల్లలతో చిన్నగా, స్టవ్వును బయట వాకిట్లోనే పెట్టి వేయండి. సిమెంటు మెల్లగా ఆరాలి, పాలిష్ వాసన బయటే పోవాలి. తలుపుకు కొత్త తాడు వేశాక ఒక కాగితం ముక్కను అంచులో పెట్టి మూసి లాగి చూడండి. సులువుగా జారివస్తే ఆ చోట తాడు చాలలేదు. ఇంకొకటి, వడ్రంగికి కొలతలు ఇచ్చేటప్పుడు కుంగిన గ్రేటు మీద కాకుండా, అది కూర్చునే లోపలి అంచు మీద నాలుగు వైపులా కొలిచి ఇవ్వండి. పాత స్టవ్వుల్లో ఆ నాలుగు కొలతలూ సాధారణంగా ఒకేలా ఉండవు.