ఎక్స్‌ఎఫ్‌సీఈల టైటిల్ బార్ తీసేసుడు ఎట్ల?

హన్మకొండ_డీటీపీ:
అన్నలూ, మాది హన్మకొండ చౌరస్తా దగ్గర డీటీపీ షాపు, పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు చేస్తం. ల్యాప్‌టాప్ పాతది, స్క్రీన్ 1366 బై 768. లినక్స్ మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక డెస్క్‌టాప్ వేసినం, మస్తు నడుస్తుంది గని లిబ్రేఆఫీస్ తెరిస్తే పైన టైటిల్ బార్ (పేరు, క్లోజ్ బటన్ ఉండే పట్టీ), దానికింద మెనూ, దానికింద రెండు టూల్‌బార్లు, ఇంక రూలర్, ఇవన్నీ పోంగ పత్రిక సగమే కనవడ్తది, మీదికీ కిందికీ జరుపుకుంటనే కూసోవాలె. ఆ టైటిల్ బార్ ఒక్కటి పోతే జర జాగ దొరుకుతది. ఫైర్‌ఫాక్స్‌కైతే అసలు ఆ బారే లేదు, ట్యాబ్‌లే పైకంటుకొని ఉంటయ్, మరి ఒకదానికి ఉండి ఒకదానికి లేకపోవుడు ఏంది? అన్నిటికీ ఒకేసారి తీసే సెట్టింగ్ ఉన్నదా? షాపుల ఇంకో ఇద్దరు పిల్లగాళ్ళు ఇదే సిస్టం మీద పనిచేస్తరు, క్లోజ్ బటన్ లేకుంటే వాళ్ళకు ఇబ్బంది, అదిగూడ సూడాలె.

కాజీపేట_పెంగ్విన్:
ఉన్నది తమ్మీ. సెట్టింగ్స్‌ల "విండో మేనేజర్ ట్వీక్స్" తెరువు, ఉత్త "విండో మేనేజర్" అని ఇంకోటి ఉంటది, అది కాదు. అండ్ల యాక్సెసిబిలిటీ ట్యాబ్‌కు పోయి "హైడ్ టైటిల్ ఆఫ్ విండోస్ వెన్ మాక్సిమైజ్డ్" కాడ టిక్ పెట్టు. విండో స్క్రీన్ నిండ చేసినప్పుడే బార్ పోతది, చిన్నగ చేస్తే మళ్ళ వస్తది. నీకు గింతే కావాలె, మొత్తానికే తీసేయకు, చిన్న విండోలు నాలుగు ఒకదానిమీద ఒకటి పడ్డప్పుడు ఏది ఎవల పత్రికనో తెల్వది.
పిల్లగాళ్ళకు ముందుగాల కీలు నేర్పు: ఆల్ట్ ఎఫ్4 కొడితే క్లోజ్, ఆల్ట్ ఎఫ్9 కొడితే కిందికి పోతది, ఆల్ట్ ఎఫ్10 కొడితే పెద్దగ, మళ్ళ కొడితే చిన్నగ. యాదికి రాకుంటే ప్యానెల్‌ల, అంటే తెరిచిన విండోల పేర్లు కనవడే పట్టీల, ఆ విండో పేరు మీద రైట్ క్లిక్ కొట్టమను, అన్నీ అండ్లనే ఉంటయ్.

కరీంనగర్_కేడీఈ:
ఫైర్‌ఫాక్స్ సంగతి నేను చెప్త. మామూలుగ టైటిల్ బార్ గీసేది యాప్ కాదు, విండోలను జరిపే, సైజు మార్చే విండో మేనేజర్ అనే ప్రోగ్రాం, నీ సిస్టంల దాని పేరు ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4. కొన్ని యాప్‌లేమో "నువ్వు గీయకు, నేనే గీసుకుంట" అని విండోకు ఒక గుర్తు పెడతయ్, దాన్ని మోటిఫ్ హింట్స్ అంటరు, 1980ల చివర్ల వచ్చిన మోటిఫ్ టూల్‌కిట్ (యాప్‌లకు బటన్లు, మెనూలు ఇచ్చే కోడ్) నుంచి ఆ పేరే నడుస్తుంది. ఫైర్‌ఫాక్స్ చేసేది అదే. 2013ల జీటీకే అనే ఇంకో టూల్‌కిట్ 3.10 వెర్షన్‌తోని హెడర్‌బార్ (టైటిల్, బటన్లు కలిపి యాపే గీసుకునే బార్) వచ్చిన కాన్నుంచి గ్నోమ్ అనే డెస్క్‌టాప్ యాప్‌లు గూడ ఇదే దారి పట్టినయ్. అందుకే ట్వీక్స్‌ల టిక్ పెట్టినా వాటి బార్ పోదు, అది విండో మేనేజర్ గీసింది కాదు కాబట్టి. ఫైర్‌ఫాక్స్‌కు మామూలు బారే కావాల్నంటే కస్టమైజ్ టూల్‌బార్‌కు పోతే కింద ఎడమదిక్కు టైటిల్ బార్ అని టిక్ ఉంటది. ఎవలది వాళ్ళు గీసుకునే ఈ పద్ధతి నాకైతే నచ్చది, ఒక్క స్క్రీన్ మీద నాలుగు తీర్ల బటన్లుంటే కొత్తోళ్ళు ఆగమైతరు.
మా కేడీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌లనైతే ఆల్ట్ ఎఫ్3 కొట్టి ఏ విండోకు ఆ విండో రూల్ పెట్టుకోవచ్చు, "నో టైటిల్‌బార్ అండ్ ఫ్రేమ్" అని. ఎక్స్‌ఎఫ్‌సీఈల అట్ల కావాల్నంటే విండోలకు రూల్స్ పెట్టే డెవిల్స్‌పై2 అనే ప్రోగ్రాం వేసుకొని లువా అనే భాషల చిన్న స్క్రిప్ట్ రాయాలె.

హన్మకొండ_డీటీపీ:
టిక్ పెట్టిన అన్నా, మంచిగ అయింది, పత్రికల వేదిక, ముహూర్తం లైన్లు గూడ ఇప్పుడు జరపకుండనే కనవడ్తున్నయ్. ఇంకొకటి అడగాలె. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌ల గణపతి బొమ్మ కింద బార్డర్ ఉంటది, ఆల్ట్ పట్టి క్లిక్ కొడితే కిందున్నది సెలెక్ట్ కావాలె గదా, మా దాంట్ల అయితలేదు. ఇంక పిల్లగాళ్ళు కీలు నేర్చుకుంటున్నరు గని క్లోజ్ బటన్ కంటికి కనవడాలె అంటున్నరు.

కాజీపేట_పెంగ్విన్:
ఆ ఆల్ట్ క్లిక్‌ను విండో మేనేజర్ మధ్యలనే పట్టుకుంటది, ఇంక్‌స్కేప్‌కు అందనే అందదు. అదే యాక్సెసిబిలిటీ ట్యాబ్‌ల "కీ యూజ్డ్ టు గ్రాబ్ అండ్ మూవ్ విండోస్" కాడ ఆల్ట్ ఉంటది, తీసి సూపర్ పెట్టు, అంటే విండోస్ బొమ్మ ఉన్న కీ. ఇంక్‌స్కేప్ దారికొస్తది, ఇగ విండో జరపాల్నంటే సూపర్ పట్టి దాని మీద ఎక్కడ పట్టి గుంజినా వస్తది. బటన్ కోసం విండోసీకే అని ప్యానెల్ ప్లగిన్ ఒకటి ఉంటది, పెద్దగ చేసిన విండో పేరు, క్లోజ్ బటన్ రెండూ తెచ్చి ప్యానెల్‌ల చూపిస్తది. దానికోసం పైన కొత్త ప్యానెల్ పెట్టకు, ఉన్నదాంట్లనే కలుపు, లేకుంటే మిగిలిన జాగ మళ్ళ దానికే పోతది.