సమస్య: "మునిగి బ్రతుకువాఁడు మునిగి చచ్చె"

నిర్వాహకుడు: ఈ పాదంతో ముగిసేలా ఆటవెలది పూరించండి. ఈసారీ బొటనవేలంత ఊహాజనమే. పురాణాల్లోని బొటనవేలంత మునులు, ఆ వాలఖిల్యుల చుట్టాలనుకోండి. సోంపేట బీల అనే చిత్తడి నేలలో, వంశధారలో, ఉద్దానం దిబ్బల మీద, బారువ కడలిలో తలో చోట కాపురాలు. ఎవర్ని ముంచుతారో మీ ఇష్టం. అప్పులో, కల్లులో మాత్రం ముంచొద్దు, అవి అందరికీ తట్టేవే.

బీలగట్టు:
బీల జలములోన వెండ్రుక లందున
గాలి పొరను నిలిపి కదలు నొకఁడు
సబ్బు నురుగ తగిలి జాఱిపో నాపొర
మునిగి బ్రతుకువాఁడు మునిగి చచ్చె

బొబ్బిలి మెట్టు: భేష్! నీటి పురుగుల కిటుకు పట్టేశారు. ఒంటి నూగు తడవదు కనకే గాలి పొర నిలుస్తుంది. సబ్బు కలిస్తే నీటి తలతన్యత (పైపొర బిగువు) తగ్గి నూగు తడిసిపోతుంది, పొర చెదురుతుంది. అయితే నురుగే తగలక్కర్లేదు, చాకిరేవు దిగువన నీట్లో కరిగిన సబ్బు చాలు. "సబ్బు నీరు తగిలి" అనండి, గణం చెడదు.

మొగ కెరటం:
వంశధార జనుఁడు వఱదలోఁ గడలికిఁ
జేర, నుప్పు నీరు చివరి చుక్క
ఒంటి నుండి లాగె నొకపరి, దాహాన
మునిగి బ్రతుకువాఁడు మునిగి చచ్చె

బీలగట్టు: నీళ్ళలో దాహంతో చావడం, ఊహ గొప్పదే. కడలి నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు, ఏటి చేప నెత్తురులో అందులో మూడోవంతుకు మించదు. మొప్పల్లోంచి ఒంటి నీరు బయటికి పోతుంది. కానీ వరదేటండీ? వరద నాడు మొగ (ఏరు కడలిలో కలిసే చోటు) దగ్గర మంచినీరు తేలికై పైనే తేలుతుంది, మీవాడు దాని మీద హాయిగా ఈదుతాడు. చంపాలంటే ఏరు సన్నబడాలి, పోటుకు ఉప్పునీరు అడుగునుంచి ఎగదన్నాలి. "వంశధార జనుఁడు వైశాఖమునఁ బోటు / చేర" అంటే సరి. అరసున్నాలు పెట్టి మరీ "దాహాన" ఏటి? "దప్పితో" ఉందిగా.

మొగ కెరటం: వైశాఖం పుచ్చుకున్నాను. దాహం నాకే ఒగ్గేయండి.

తాటిమట్ట:
ఊపిరికయి పైకి నొకసారి రావలె
వలకుఁ జిక్కె నకట బారువ దరి
తాబేలు వీపు నెక్కి తమకానఁ దిరిగెడు
మునిగి బ్రతుకువాఁడు మునిగి చచ్చె

మొగ కెరటం: "తాబే" రెండూ గురువులే మాస్టారూ, గలమో నగణమో కావలసిన సూర్యగణం అక్కడే మునిగింది! శ్రీకూర్మం ఉన్న జిల్లాలో "కూర్మ" తట్టలేదా? "కూర్మపృష్ఠ మెక్కి కొంటెగాఁ దిరిగెడు."

బొబ్బిలి మెట్టు: గణం పోయినా విషయం గట్టిది. ట్రాలు వల గంటల తరబడి లాగితే తాబేలు పైకి రాలేక ఊపిరాడక పోతుంది. వల గొంతులో కడ్డీల చట్రం, దాని పక్కన తలుపు పెడితే రొయ్య లోపలికి జారుతుంది, తాబేలు బయటపడుతుంది. చట్రం లేని వల అని ఒక్క మాట పడితే చావుకు కారణం దొరికేది.

తాటిమట్ట: సవరణకు దండం. కెరటం గారూ, పోయినసారి మీ దిబ్బజనానికి మేక గిట్టలు తొడిగారే, ఉద్దానం పొడి ఇసకలో అవి దిగబడవా?

బీలగట్టు: దిగబడతాయి. ఒంటెకు లాగ వెడల్పు పాదం కావాలి, బరువు పరుచుకోవాలి.

మొగ కెరటం: మేక గిట్టకు యతి కుదిరిందండీ!

నిర్వాహకుడు: గిట్టల సంగతి ఆ సమస్య కింద తేల్చుకోండి. దిబ్బజనాన్ని ఇంకా ఎవరూ ముంచలేదు.