ఏప్రిల్‌లో తెలియని పాండ్‌లో కయాక్ ఫిషింగ్: సలహా కావాలి

అన్నలకు, అక్కలకు నమస్కారం. జనవరిలో ఉద్యోగం మీద మసాచుసెట్స్ వచ్చాం, వెస్ట్‌బరోలో ఉంటున్నాం. మాది నెల్లూరు దగ్గర పల్లె, చెరువులో గాలం వేస్తూ పెరిగాను. ఈ శనివారం 70 డిగ్రీల ఫారెన్‌హీట్ అట. ఆఫీసులో ఒకతను తన కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న సన్నటి పడవ) ఇస్తానన్నాడు. దగ్గర్లోని పాండ్‌కి వెళ్దామనుకుంటున్నాను, ఇంతవరకు చూసింది లేదు. ముందుగా ఏం తెలుసుకోవాలి?

---

తమ్ముడూ, పాండ్ అన్నారు కదా అని మన ఊరి కుంటలా అనుకోవద్దు. కాంకర్డ్‌లోని వాల్డెన్ పాండ్ లోతు వంద అడుగుల పైనే. హిమానీనదాలు వెనక్కి తగ్గినప్పుడు మట్టిలో కూరుకుపోయిన మంచుగడ్డలు కరిగి ఏర్పడిన గుంటలు ఇక్కడ చాలా ఉన్నాయి. నాలుగు తెడ్లు వేసేసరికి కాలికి నేల అందకపోవచ్చు.

అసలు భయం చలినీళ్లతో. ఆ 70 డిగ్రీలు గాలికే. ఏప్రిల్‌లో నీళ్లు 50 దగ్గరే ఉంటాయి, అంటే మన సెల్సియస్ లెక్కలో 10. నేను వచ్చిన మొదటి ఏడాది ఇలాంటి ఎండ చూసే జీన్స్, కాటన్ చొక్కాతో వెళ్లాను. లైఫ్ జాకెట్ సీటు వెనక పెట్టుకున్నాను. గాలం ముల్లు మునిగిన కొమ్మకి తగులుకుంటే విడిపిద్దామని పక్కకి వంగాను, కయాక్ తిరగబడింది. గోదావరిలో ఈదినవాణ్ణి నేను. కానీ ఎగశ్వాస తప్ప గొంతులోంచి కేక రాలేదు. జాకెట్ చేతికి అందింది, వేళ్లు కొంకర్లు పోయి బకిల్ పెట్టుకోలేకపోయాను. ఒడ్డు ఇరవై అడుగులే. కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన ఎండుకొమ్మ అందించి లాగాడు. ఆయన లేకపోతే ఇది రాసేవాణ్ణి కాదు.

అందుకే జాకెట్ ఒంటి మీదే ఉండాలి. ఇక్కడ సెప్టెంబరు 15 నుంచి మే 15 వరకు కయాక్‌లో అది వేసుకోవడం చట్టం కూడా. కాటన్ వద్దు, వెట్‌సూట్ (చలినీళ్లలో ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు సూట్) దొరికితే మంచిది. కారులో పొడి బట్టలు పెట్టుకో. ఫోన్ నీళ్లు పోని సంచిలో వేసి ఒంటికే కట్టుకో. ఏ పాండ్‌కి వెళ్తున్నావో, ఎన్నింటికి తిరిగొస్తావో ఇంట్లో చెప్పి బయలుదేరు.

ఇక చేపల సంగతి. మాస్‌వైల్డ్‌లైఫ్ (చేపలు, వన్యప్రాణుల సంగతి చూసే రాష్ట్ర శాఖ) వాళ్లు చాలా పాండ్లకి లోతు చూపించే మ్యాపులు పెట్టారు, ముందురోజు రాత్రే చూసుకో. వెళ్లగానే పడవ దింపకుండా, దారి ఉన్నంత మేర ఒడ్డు వెంట నడిచి చూడు. గాలికి ఎదురుగా బయలుదేరితే అలసిపోయి వచ్చేటప్పుడు గాలే నెడుతుంది. ఉత్తరపు ఒడ్డుకి ఎండ ఎక్కువ తగులుతుంది కాబట్టి అక్కడి లోతు తక్కువ నీళ్లు ముందు వేడెక్కుతాయి. నల్లటి బురద అడుగున్న మూలలు కూడా అంతే. లార్జ్‌మౌత్ బాస్ మన కొర్రమీనులాగే కలుపులో, పడిపోయిన చెట్ల దగ్గర పొంచి ఉంటుంది. చలికి మందకొడిగా ఉంటుంది కాబట్టి ఎరని బాగా నెమ్మదిగా లాగు. మధ్యాహ్నం రెండు తర్వాతే పడతాయని నా అనుభవం.

---

అన్నయ్య చెప్పినదానికి రెండు మాటలు కలుపుతాను. 15 ఏళ్లు నిండిన ఎవరికైనా చేపలు పట్టడానికి లైసెన్స్ కావాలి, ఆన్‌లైన్‌లో వెంటనే వస్తుంది. డిసెంబరు 31తో అయిపోతుంది. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి సరదాగా గాలం పట్టుకున్నా వాళ్లకీ ఉండాలి, మూడు రోజులది దొరుకుతుంది. ఇండియా నుంచి గాలానికి కట్టే సీసం గుండ్లు తెచ్చుకుని ఉంటే వాడొద్దు. ఔన్సు కంటే తక్కువ బరువున్నవి ఇక్కడి మంచినీళ్లలో 2012 నుంచి నిషేధం. అవి మింగి లూన్ పక్షులు చనిపోతున్నాయి.

పులుసు పెట్టుకునే ముందు కూడా చూసుకోండి. చాలా పాండ్ల చేపల్లో పాదరసం ఉంటుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు అక్కడ పుట్టి పెరిగిన చేపలు తినొద్దని ఆరోగ్యశాఖ చెబుతోంది. వసంతంలో తెచ్చి వదిలే ట్రౌట్ చేపలు ఫారంలో పెరిగినవి, వాటికి ఆ భయం లేదు. మా ఇంట్లో ట్రౌటే వండుతాం, మిగతావి నీళ్లలోకే.

---

చాలా థాంక్స్ అన్నా, అక్కా. మా ఆవిడకి ఇప్పుడు ఐదో నెల, ఈ పాదరసం సంగతి మాకు అస్సలు తెలియదు. జాకెట్ రేపే కొంటాను. తిరగబడితే మళ్లీ కయాక్ ఎక్కడం మాత్రం రాదు.

---

అది జూలైలో వెచ్చటి నీళ్లలో నేర్పిస్తాను. అప్పటిదాకా ఒడ్డుకి దగ్గరగానే ఉండు, ఒక్కడివే వెళ్లకు. శనివారం నేనూ వస్తాను. నా దగ్గర రెండో వెట్‌సూట్ ఉంది, నీ ఎత్తు, బరువు చెప్పు.